అల్లుడి వెనకకాలు

మా వదినె జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు ఆమె సాత్వికురాలని చెప్పారు. నోరెత్తి ఎవరినీ ఒక మాట అనలేదన్నారు. ముందు వరసలో ఉన్న ఆమె మరిది దగ్గు వచ్చినట్టు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నా వెనక ఒకావిడ పక్కావిడను, "ఎవరి గురించి చెప్తున్నడు?" అని మెల్లగా అడిగింది. పాస్టరు గారు మొన్న మొన్న వచ్చిన మనిషి. తప్పు ఆయనది కాదు. అయినా తప్పు తప్పే. ఉద్యోగమంతా సహకార సంఘంలో లెక్కలు సరిచూసిన దాన్ని, తప్పు కంటబడితే దిద్దకుండా ఊరుకోలేను. అందుకే ఇది రాస్తున్నాను.

వదినె అంటే మా ఆయనకు అక్క. ఆమె భర్త ఒకప్పుడు ఖమ్మం స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కా ఎక్కేవాళ్లు లేకపోయేసరికి గుర్రాన్నీ బండినీ తన ఊరికి తెచ్చుకున్నాడు. ఆ ఊరు ఏన్కూరు దాటాక, భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. సంత రోడ్డు పక్కన. గూడేలు పైన కొండగట్టు మీద. మధ్యలో రాళ్ల దారి. ఆటోలు గట్టు కింది దాకా వచ్చి, సరుకు దించి వెనక్కి పోతాయి. అందుకని ఆయన జట్కా పైకప్పు పీకేసి సరుకుల బండి చేశాడు. ఉప్పు, బియ్యం, నూనె డబ్బాలు పైకి ఎక్కించేది ఆ బండే. చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్లు కిందికి దించేదీ ఆ బండే. ఆయన పోయినప్పుడు ఇక బండి ఆగినట్టేనని ఊరంతా అనుకుంది. సమాధి మీద మట్టి ఆరకముందే వదినె పగ్గాలు పట్టింది.

ఆమె నడిచేది రోడ్డు మధ్యలో. బస్సు వస్తే బస్సే పక్కకు పోవాలి. కొట్లాట మొదలయ్యే ముందు కొప్పు విప్పి మళ్లీ ముడి వేసుకునేది. ఆ చెయ్యి కొప్పు మీదికి పోవడం చూస్తే చాలు, మరిది ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాడు. గూడేల వాళ్లు మాట్లాడే కోయ భాష ఆమెకు బాగా అర్థమయ్యేది. అర్థం కానట్టే ఉండేది. వాళ్లు ఆమె ముందే ఆమె గురించి ఏమనుకుంటున్నారో అంతా విని, కిందికి దిగాక నాకు చెప్పి పడీపడీ నవ్వేది. తనను పొగిడితే వినబడనట్టు ఊరుకునేది. గుర్రాన్ని పొగిడితే మాత్రం ఆగి, ఇంకోసారి చెప్పించుకునేది.

గుర్రం గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉండాలి. అది ఆమె పట్టింపు. జట్కా స్టాండులో పక్కటెముకలు కనబడే గుర్రం ఉన్నవాడి పక్కన ఎవరూ బండి నిలిపేవాళ్లు కాదని ఆమె భర్త చెప్పేవాడట. తను పచ్చడి మెతుకులతో పూట గడిపిన రోజున కూడా గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు తప్పేవి కావు. మధ్యాహ్నం దాని పిర్ర మీద అరచేత్తో ఒకటి చరిచి, ఆ చప్పుడు ఎవరు విన్నారో అని చుట్టూ చూసేది.

ముసలి గుర్రం చచ్చిపోయాక ఆమె ఒక గుర్రప్పిల్లను కొన్నది. ఇటుక బట్టీల బండ్లు లాగే గుర్రానికి పుట్టిన మగపిల్ల. లావు ఎముక, వెడల్పు రొమ్ము. ఇంత చిన్నది బండికి ఎప్పుడొస్తుందని మరిది అడిగితే, వచ్చినప్పుడే వస్తుందిలే అన్నది. ఆమెకు పిల్లలు లేరు. మంచి తిండి తిని, పని చెయ్యకుండా, ఎండలో కునుకు తీసే ఆ జీవానికి ఆమె పెట్టిన పేరు అల్లుడు. ఊరు కూడా అదే పేరుతో పిలిచింది. ఉలవలు, తవుడు, బెల్లం, ఎవరింట్లో జొన్నలు మిగిలితే ఆ జొన్నలు, అన్నీ అల్లుడికే. మూడో ఏడు వచ్చేసరికి అది ఈడుకు మించిన ఒళ్లు చేసింది. సంత రోజు దాన్ని పట్టుకుని ఊరికే అటూ ఇటూ తిప్పేది. కొనేదేమీ లేకపోయినా తిప్పేది.

వెనక కాలు మొదటిసారి పట్టుకున్నది తొలకరి రోజుల్లో. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముదిగొండ నుంచి శనివారం బస్సెక్కి వెళ్లి, సోమవారం సంత చూసుకుని రావడం నాకు అలవాటు. తెల్లవారి కట్టు విప్పి బయటికి నడిపించబోతే, అల్లుడి ఎడమ వెనకకాలు వెనక్కి చాచుకుని కర్రలాగా బిగుసుకుపోయింది. గిట్ట కొన నేలమీద గీత గీస్తూ ఈడ్చుకుంటూ వచ్చింది. నాలుగు అడుగులు పోయాక కాలు ఒక్కసారి ఎగిరినట్టు విదిలించుకుని మామూలుగా పడింది. ఆ తరువాత ఏమీ లేదు. వదినె నా వైపు చూసి, నిద్రమత్తు అన్నది. వారం గడవకముందే ప్రతి ఉదయం అదే నిద్రమత్తు. తరువాత రెండో కాలు కూడా.

మరిది వచ్చి చూశాడు. అతను చెడ్డవాడు కాదు, అన్న దగ్గర బండి తోలడం నేర్చుకున్నవాడు. వాళ్లింట్లో కాలు లాగిన ప్రతి గుర్రానికీ వాతలు పెట్టారు. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి కీలు మీద గీతలు గీస్తారు, నెల రోజులు కట్టేసి కదలనివ్వరు. తండ్రి చేశాడు, అన్న చేశాడు, అతనూ చేస్తాడు. వెనకకాలు మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన కీలు మీద వేలు పెట్టి, ఇక్కడ మూడు, లోపలి వైపు రెండు అని చెప్పాడు. వదినెకు ఆ తోలు కాలడం ఇష్టం లేదు. కానీ కాలు బాగవకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. లాగలేని గుర్రాన్ని కొనేది ఒకే రకం బేరగాడు. వాడు బండి కోసం కొనడు. ఆ బేరగాడు అప్పటికే ఒకసారి వచ్చి, గుర్రం ఒళ్లంతా తడిమి చూసిపోయాడు. అల్లుడు లేకపోతే బండి లేదు. బండి లేకపోతే వదినె రోడ్డు పక్కన నడవాల్సిన మనిషి. వచ్చే మంగళవారం వాతలు పెట్టు అని మరిదికి మాట ఇచ్చింది.

సోమవారం బడి ఆవరణలో పశువుల శిబిరం పెట్టారు. నట్టల మందు ఊరికే ఇస్తున్నారని వదినె అల్లుణ్ణి తీసుకుపోయింది. మందు ఒక సాకు. నలుగురూ చూస్తారు, అది అసలు సంగతి. వచ్చిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి, సత్తుపల్లి వైపు మాట. బర్రెలను చూస్తున్నదల్లా తలెత్తి ఈ గుర్రం ఎవరిదని అడిగింది. వదినె గుర్రం ముందుకొచ్చి నిలబడింది.

"నాదే బిడ్డా."

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

వదినె ఒక్కొక్కటీ చెప్పింది. బెల్లం కూడా చెప్పింది. పొగడ్త కోసం ఎదురుచూస్తూ పగ్గం రెండో చేతికి మార్చుకుంది.

"అందుకే నడవలేకపోతోంది," అన్నది ఆ అమ్మాయి.

గుర్రాన్ని నేరుగా నడిపించమంది, వెనక్కి అడుగు వేయించమంది, గుండ్రంగా తిప్పించి చూసింది. మరిది వేలు పెట్టిన కీలు జోలికి ఆమె పోలేదు. దానికి చాలా పైన, తొడ పొట్టకు కలిసే ముడత దగ్గర అరచెయ్యి ఆనించింది. మనిషికి మోకాలు ఎక్కడో గుర్రానికి ఇది అక్కడ అని చెప్పింది. లోపల మోకాలి చిప్ప ఉంటుందట. ఎముకలు తిండి బలంతో గబగబా పెరిగాయి, తొడ కండ మాత్రం కట్టేసి ఉంచడం వల్ల పెరగలేదు. అందుకని నిలబడినప్పుడు చిప్ప పైకి జారి, కొక్కేనికి తగులుకున్నట్టు అక్కడే ఇరుక్కుంటోంది. కీలు కొంచెం నీరు పట్టి కూడా ఉంది. మరిది వాతల మాట ఎత్తితే ఆమె కోప్పడలేదు. పైతోలు కాలితే లోపలి చిప్పకు ఏం తెలుస్తుందని అడిగింది. కాల్చి నెల రోజులు కట్టేస్తే ఉన్న కండ కూడా పోతుందన్నది. చిప్పను పట్టి ఉంచే బందును కోసే చిన్న ఆపరేషను ఉన్నదట, కానీ లేత కాలికి కత్తి చివరి మాట అన్నది. ముందు ఉలవలు మానాలి. గడ్డి, కొంచెం తవుడు, తను రాసిచ్చే ఖనిజాల పొడి. గిట్టల ముందు కొన చెక్కించాలి. రోజూ రెండు పూటలా నడిపించాలి, ముందు చదును మీద, తరువాత మెల్లగా ఎత్తు మీద. మెలికలు తిప్పకూడదు. కాలు పట్టుకుంటే కొట్టకూడదు, ఈడ్వకూడదు. రొమ్ము మీద చెయ్యి పెట్టి ఒక అడుగు వెనక్కి వేయించాలి. తను చెప్పేదాకా బండి మాట ఎత్తకూడదు.

వదినె పగ్గం గుంజుకుని ఇంటి దారి పట్టింది. ఇంటికొచ్చాక కొప్పు విప్పింది.

"నా గుర్రం ఎక్కువ తిన్నదంట. ఎక్కడన్న విన్నవా గిట్లాంటి మాట? తిండి పెడితే కాళ్లు పోతయా?"

డాక్టరు వేరే పని మానుకుని మరీ చూసిందని నేను గుర్తు చేశాను. చూస్తే ఏంది అన్నది. కానీ మంగళవారం మరిది చువ్వలు పట్టుకుని వస్తే, రేపు అన్నది. రేపు వస్తే, ఎల్లుండి అన్నది. ఆమె ఏం చేస్తున్నదో నాకు తరువాత తెలిసింది. ఒకరోజు గుర్రాన్ని రాత్రంతా కట్టేసి, ఒకరోజు దొడ్లో వదిలేసి, తెల్లవారి ఏ కాలు ఎట్లా పడుతున్నదో ఒంగి చూస్తున్నది. కట్టేసిన రోజున పట్టుకుంది. వదిలేసిన రోజున దాదాపు పట్టుకోలేదు. మళ్లీ కట్టి చూసింది. మళ్లీ అంతే. డాక్టరు చెప్పిందని కాదు, తన కళ్లతో చూసిందని నమ్మింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, నానబెట్టిన ఉలవలను గంపతో సహా పక్కింటి బర్రెకు ఇచ్చేసింది.

అప్పటి నుంచి ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం. పాస్టరు గారికి చెప్పాల్సింది ఇదీ. ఆ మనిషి ఎప్పుడూ కోరుకున్నది నలుగురి కళ్లముందు నిండైన గుర్రం పక్కన నడవడం. అట్లాంటిది పక్కటెముకలు లెక్కబెట్టగలిగే గుర్రం పక్కన, బండి లేకుండా, పొద్దున సాయంత్రం రోడ్డు మధ్యలో నడిచింది. ఓరకు జరిగి నడవడం మాత్రం నేర్చుకోలేదు. హోటల్ ముందు కూర్చునేవాళ్లు, అల్లుడికి అత్తగారి మర్యాదలు తగ్గినట్టున్నయే అనేవాళ్లు. ఒకడు, అత్తా, అల్లుడు గుడికా దవాఖానకా అని అడిగాడు. "మీ ఇంటికే. మీ అవ్వ గంజి పోస్తనన్నది," అని ఆగకుండా పోయింది. గూడేల ఆడవాళ్లు సంతకు దిగినప్పుడు ఆమె ముందే కోయలో ఏదేదో అనుకునేవాళ్లు. ఏమన్నారని అడిగితే ఆ రోజుల్లో నాకు చెప్పేది కాదు.

ముసలి గుర్రం పోయినప్పటి నుంచి బండి లేదు, కిరాయి లేదు, దాచుకున్నదీ అయిపోయింది. బండి యజమాని మిరప ఏరడానికి కూలికి పోయింది. పొద్దున నడక అయ్యాక పోయేది, సాయంత్రం నడకకు తిరిగొచ్చేది. మిరప ఘాటుకు చేతులు మండేవి. ఆ చేతులతో గుర్రాన్ని ముట్టుకుంటే దానికీ మంట. అందుకని మజ్జిగతో కడిగి, బూడిదతో రుద్ది, కొబ్బరినూనె రాసుకుని, తన చెంప మీద ఆనించి చూసుకున్నాకే మోకాలి మీద మాలీషు చేసేది. మిరప చేలలో ఎవరైనా జాలిపడబోతే, కూలికి వచ్చింది నేను కాదు, అల్లుడి కాళ్లు అనేది.

చలికాలంలో ఒక సోమవారం, సంత నిండుగా ఉన్న వేళ, బస్సు ముందు అల్లుడి కాలు పట్టుకుంది. నడిరోడ్డు. బస్సు హారను. గుర్రం బెదిరి తల ఎగరేస్తోంది, కాలు మాత్రం వెనక్కి చాచి బిగుసుకుని ఉంది. డ్రైవరు తల బయట పెట్టి, గుంజెయ్ అవ్వా జల్దీ అని అరిచాడు. ఇద్దరు మగవాళ్లు కర్రతో వచ్చారు. వదినె వాళ్ల వైపు చూడలేదు. అల్లుడి ముందుకొచ్చి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, చెవి దగ్గర ఏదో అన్నది. గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేసింది. లోపల టక్కున చప్పుడైంది. అంత సంతలో నాకు వినబడింది. కాలు వదులై నేలమీద మామూలుగా ఆనింది. వదినె బస్సు వైపు తిరిగింది.

"ముందుకు గుంజుడు నీకు తెల్వదా, నాకు తెల్వదా? ఎనక్కి రావాల్సిన కాడ ఎనక్కే రావాలె. నీ బస్సుకు రివర్సు లేదా?"

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. ఆ తరువాత కాలు పట్టుకోవడం వారానికొకసారి అయింది, నెలకొకసారి అయింది, మామిడిపూత రాలేసరికి ఆగిపోయింది. డాక్టరమ్మ మళ్లీ వచ్చి తొడ మీద చెయ్యేసి, కండ పట్టిందని చెప్పింది. ఖాళీ బండి కట్టండి, చదును మీద తోలండి, గట్టు ఇప్పుడే వద్దు అన్నది. వదినె వద్దన్నన్ని రోజులూ ఆగింది. ఆ అమ్మాయి సరేనన్న తరువాత కూడా తన లెక్కన ఇంకొన్ని వారాలు ఆగింది.

గట్టుకు మొదటిసారి బరువు ఎక్కించే రోజు సంత రోజే పెట్టుకుంది. నలుగురు లేని రోజు పెట్టుకొమ్మని నేను చెప్పి చూశాను. ఆమె నన్ను చూసిన చూపుకు మళ్లీ చెప్పలేదు. సగం బరువే వేసింది, ఉప్పు బస్తాలు, రెండు నూనె డబ్బాలు. కడుతుండగా వేంసూరు నుంచి ఒకాయన మినీ లారీలో గుర్రాన్ని తెచ్చాడు. అదీ పడుచుదే. ఎంత నిండుగా ఉందంటే వీపు మీద పోసిన నీళ్లు నిలుస్తాయి. దిగేటప్పుడు వెనకకాలు బిగుసుకుని చెక్క మీద ఈడ్చుకుపోయింది. మరిది వాతలు బాగా పెడతాడని ఎవరో చెబితే వచ్చాడు. మరిది అప్పటికే దొడ్డి వెనక నిప్పులు చేసి చువ్వలు పెట్టి ఉన్నాడు. వదినెకు చెప్పలేదు. పొగ చూసి ఆమె అటు పోయింది.

వాతలు కాదు, ఉలవలు మానిపించమని ఆమె ఆయనకు చెప్పింది. ఆయన మర్యాదస్తుడు. చేతులు కట్టుకునే జవాబిచ్చాడు.

"మా ఇంట్లో జీవాలకి తక్కువ చెయ్యమండీ. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

వదినె ఆ నిండైన గుర్రం వైపు చూసింది. ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలో ఉన్నది కోపం కాదు. తరువాత, సంతకు వినబడేంత గట్టిగా అన్నది:

"నాది ఇంతకన్న నిండుగ ఉండె. నా చేత్తోటి నేనే కుంటిదాన్ని చేసిన. ముద్దుకు చేసిన, మంది చూడాలని చేసిన. ఇగ చూడు. నేను గట్టెక్కి దిగొచ్చేదాక ఆ చువ్వ ముట్టొద్దు. నడుమ నా గుర్రం కాలు ఒక్కసారి పట్టుకున్నా, నీ గుర్రానికి నేనే నిప్పు ఊది ఇస్త."

మరిది ముఖం ఎర్రబడింది. మాట జాగ్రత్త వదినే అన్నాడు. ఆమె అప్పటికే నడుస్తోంది.

బండి ఎక్కలేదు. అల్లుడి వెనక తొడ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నడిచింది. చూపు దారి మీద లేదు, ఆ చిప్ప మీద ఉంది. చదును అయిపోయి రాళ్లు మొదలయ్యాయి. సంత బేరాలు ఆగాయి. గట్టు మధ్యలో మలుపు దగ్గర నీళ్లు కోసిన గాడి ఒకటి ఉంది. అక్కడ చక్రం దిగబడి, బండి ఆగింది. అల్లుడు ముందుకు ఒంగి, వెనకకాళ్లు రెండూ నేలకు తన్నిపట్టి నిలబడ్డాడు. ఎడమకాలు వెనక్కి చాచుకుని ఉంది. నా పక్కన మరిది ఊపిరి బిగబట్టాడు. వాతలు పెట్టాలన్నవాడే, అయినా బిగబట్టాడు. వదినె కొరడా తియ్యలేదు, పగ్గం లాగలేదు. అంత దూరం నుంచి ఆమె ఏమన్నదో తెలియదు. గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరిగింది. అల్లుడు ఎడమకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు తెచ్చాడు. తరువాత కుడికాలు. చక్రం గాడి దాటింది. ఆ పైన ఎక్కడా ఆగలేదు. పైన గూడెం ఆడవాళ్లు కేకలు పెట్టారు.

ఆమె ఖాళీ బండితో దిగివచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అల్లుడికి నీళ్లు పెట్టి, ఒళ్లు తుడిచి, మోకాలి ముడత దగ్గర అరచెయ్యి ఆనించి వేడి చూసింది. అప్పుడు గానీ దొడ్డి వెనక్కి పోలేదు. నిప్పుల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. చల్లింది ఎవరో మరిది చెప్పలేదు, ఆమె అడగలేదు. వేంసూరు ఆయన తన గుర్రం పక్కన నిలబడి, దాని నున్నటి కడుపు మీద చెయ్యేసి ఉన్నాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలండీ అని అడిగాడు.

వదినె ఆయన చేతి నుంచి పగ్గం తీసుకుని, గుర్రం తల రోడ్డు వైపు తిప్పి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"నడువు. నేను గూడ వస్త."

తిని పొమ్మని నేను గుమ్మంలోంచి పిలిచాను. పొద్దున నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. వెనక్కి తిరగకుండా చెయ్యి ఊపింది. ఎండలో, రోడ్డు మధ్యలో, ఆ లావుపాటి గుర్రం ఒక పక్క, ఆయన ఒక పక్క, నడుమ మా వదినె. ఎదురొచ్చిన ఆటో పక్కకు తప్పుకుంది. ఆమె మాట నాకు చింతచెట్ల మలుపు దాకా వినిపించింది. తన గుర్రం ఇంతకన్నా ఎంత నిండుగా ఉండేదో, ఎన్ని రకాలు పెట్టేదో, దాన్ని ఎంత బాగా కుంటిదాన్ని చేసిందో, ఒక్కటీ వదలకుండా ఆయనకు చెబుతోంది. ఆయన ఏమన్నాడో ఏమో, ఇద్దరూ నవ్వారు. నేను అన్నం మీద మూత పెట్టి కూర్చున్నాను.